గండుపిల్లికి శస్త్రచికిత్స: ధర్మం ఏమంటుంది? దాని స్వభావం ఏమవుతుంది?

సంక్రాంతి వెళ్ళిన పదిరోజులకు, ఒక ఫజర్ వేళ, మా మదర్సా మస్జిద్‌లో నమాజు ముగియగానే రెండవ సఫ్‌లోని విద్యార్థి ఒకడు తన నుదురు తడిమి చూసుకున్నాడు. తడి. ఆపైన ఘాటైన వాసన. అతడు సజ్దా చేసిన చోట చాప మీద రాత్రి గండుపిల్లి మూత్రం చిమ్మి వెళ్ళింది. ఆ బాలుడి చేత దుస్తులు మార్పించి, వుజూ చేయించి, నమాజు తిరిగి చేయించవలసి వచ్చింది. చాపలన్నీ ఎండలోకి చేరాయి. అది ఆ నెలలో మూడవసారి.

నిందితుడి పేరు షేరూ. వర్షాకాలంలో మా బియ్యం గది మూలన పుట్టిన నాలుగు కూనల్లో అదొక్కటే బతికింది. దాని తల్లి చలవతోనే మా బస్తాలు ఎలుకల పాలు కాకుండా మిగులుతున్నాయి. షేరూకు అన్నం పెట్టేది, పేరు పెట్టింది కూడా మా వద్ద హిఫ్జ్ చదివే పదేళ్ళ బాలుడు. తండ్రిని పోగొట్టుకుని మా వద్దకు వచ్చిన తొలి మాసాల్లో అతడు ఎవరితోనూ పెదవి విప్పేవాడు కాడు. ఆ కూనతో మాత్రం మాట్లాడేవాడు. రోజూ తన సబఖ్‌ను ముందుగా దానికే వినిపించేవాడు. ఆ తరువాతే మాకు అప్పజెప్పేవాడు.

ఆ ఉదయం కమిటీ పెద్దలు కూర్చుని ఒక నిర్ణయానికి వచ్చారు: గోనెసంచిలో వేసి, నాగావళి అవతల చేపల బజారు దగ్గర విడిచిపెట్టాలి. అక్కడ తిండికి లోటుండదు కదా అన్నారు. మేము వెంటనే సరేననలేకపోయాము. కారణం ఉంది. రెండేళ్ళ క్రితం ఇలాంటి ఫిర్యాదు మీదనే మరొక గండుపిల్లిని అదే విధంగా పంపడానికి మేము తల ఊపాము. నాలుగవ రోజున మాకు పాలు పోసే అతను వచ్చి, అది జాతీయ రహదారి అంచున చచ్చి పడి ఉందని చెప్పాడు. దాని ముఖం మన మదర్సా వైపే ఉందని కూడా అన్నాడు. అది ఇంటికి తిరిగి వస్తోంది.

ఈసారి సంచి తెప్పించే ముందు, మా వీధికి గేదెల వైద్యానికి వచ్చే యువ పశువైద్యుణ్ణి సంప్రదించాము. "వయసుకు వచ్చింది మాస్టారూ. చిన్న ఆపరేషన్ చేస్తే ఈ మూత్రం చిమ్మడం చాలావరకు పోతుంది" అన్నాడాయన. మేము ఆలోచించకుండానే, "అది అల్లాహ్ సృష్టిని మార్చడం అవుతుంది, మాకు నిషిద్ధం" అనేశాము. ఆయన నొచ్చుకోలేదు. "మీ గ్రంథాలు ఒకసారి చూసి చెప్పండి, తొందరేమీ లేదు" అని వెళ్ళిపోయాడు. ముప్పై ఏళ్ళుగా ఫిఖ్హ్ బోధిస్తున్న మాకు, గ్రంథం తెరవకుండా తీర్పు చెప్పామన్న సంగతి ఆ మాటతో తట్టింది. ఆ రాత్రి ఇషా తరువాత గ్రంథాలు తీశాము.

గ్రంథాలు ఏమంటున్నాయి?

మొదట, మనం మరచిపోయే ఒక భేదం. పిల్లి అపరిశుభ్రమైనది కాదని, అది మన చుట్టూ తిరుగాడే ఇంటి ప్రాణి అని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) సెలవిచ్చినట్లు హజ్రత్ అబూ ఖతాదా (రజి) ద్వారా ఉల్లేఖనం ఉంది. వుజూ కోసం తెచ్చిన నీటిని పిల్లి తాగబోతే ఆయన పాత్రను వంచి దానికి అందించారు. ఈ హదీసు ముఅత్తాలోనూ, అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలోనూ ఉంది. అయితే ఈ సౌలభ్యం దాని నోటికి, అది తాగి విడిచిన నీటికి సంబంధించినది. దాని మూత్రం నజాసతే. కనుక చాపల విషయంలో కమిటీ వారి ఆందోళన న్యాయమైనదే. దానికి వారు ఎంచుకున్న మార్గమే సందేహాస్పదమైనది. పిల్లిని బంధించి, తిండి పెట్టక, తానై వెతుక్కునే వీలు కూడా ఇవ్వక చంపిన స్త్రీ నరకశిక్షకు గురి అయిందన్న హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. షేరూను గొలుసుతో కట్టి ఉంచుదామని ఒకరు సూచించినప్పుడు మాకు ఆ హదీసే గుర్తుకు వచ్చింది.

ఇక శస్త్రచికిత్స విషయం. మేము తొందరపడి ఉదహరించిన ఆధారం సూరా నిసాలోని 119వ ఆయత్. పశువుల చెవులు కోయించి, అల్లాహ్ సృష్టిని మార్పించేలా మానవులను ఆదేశిస్తానని షైతాను చేసిన శపథం అందులో ఉంది. ముఫస్సిర్లలో కొందరు అక్కడి 'మార్పు'ను బీజాలు తీయడంగా వ్యాఖ్యానించారు. మరి కొందరు అది అల్లాహ్ ధర్మాన్ని మార్చడమని చెప్పారు. గుర్రాలకు, పశువులకు బీజాలు తీయడాన్ని నిషేధించినట్లు హజ్రత్ ఇబ్న్ ఉమర్ (రజి) ద్వారా ముస్నద్ అహ్మద్‌లో ఒక ఉల్లేఖనం ఉంది కానీ, దాని పరంపరలో బలహీనత ఉందని హదీసు విద్వాంసులు గుర్తించారు. మరోవైపు, దైవప్రవక్త (స) స్వయంగా బీజాలు నలిపిన రెండు పొట్టేళ్ళను ఖుర్బానీ ఇచ్చినట్లు అబూ దావూద్, ఇబ్న్ మాజా గ్రంథాలు చెబుతున్నాయి. మన ఇళ్ళలో బక్రీదుకు ఖస్సీ మేకపోతును ఏరి ఏరి కొనే ఆచారం అందరికీ తెలిసినదే. ఆ ఖస్సీలో సృష్టికి ద్రోహం కనిపించని మన కంటికి, పిల్లి విషయంలో అది ఎలా కనిపించింది?

హనఫీ ధర్మవేత్తలు ఈ ప్రశ్నను ఎన్నడో విప్పి ఉంచారు. జంతువుకూ మనుషులకూ ప్రయోజనం ఉన్నందున దీనిలో దోషం లేదని అల్లామా మర్గీనానీ తన 'హిదాయా'లో రాశారు. ఆయన హిజ్రీ 593లో కన్నుమూశారు. ఆ తరువాత అయిదు శతాబ్దాలకు అల్లామా హస్కఫీ తన 'దుర్రె ముఖ్తార్'లో పిల్లిని పేరుపెట్టి మరీ అనుమతిలో చేర్చారు. అయితే ప్రయోజనం ఉంటేనే అన్న షరతు విధించి, అది లేనిచోట హరామ్ అని స్పష్టం చేశారు. ప్రయోజనమంటే ఏమిటో అల్లామా ఇబ్న్ ఆబిదీన్ షామీ వివరిస్తూ, జంతువు బలిసేందుకో, కరిచే గుణం మాన్పించేందుకో అని ఉదాహరణలిచ్చారు. మనుషులకు ఇలా చేయడం మాత్రం అన్ని విధాలా నిషిద్ధం.

ఇందులో భేదాభిప్రాయం లేదని చెప్పడం నిజాయితీ కాదు. ఇమామ్ నవవీ అభిప్రాయంలో, తినని జంతువులకు ఇది తగదు. తినే జంతువులకైనా చిన్న వయసులోనే అనుమతి. షాఫియీ మస్లక్‌ను అనుసరించే కుటుంబాలు తమ ఆలిములను అడిగి నడచుకోవడం మంచిది. మన కాలపు సౌదీ ధర్మవేత్త షేఖ్ ఇబ్న్ ఉసైమీన్, పిల్లులు పెరిగిపోయి ఇబ్బంది కలిగిస్తున్నప్పుడు, శస్త్రచికిత్స వాటికి హాని చేయనిదైతే, చంపడం కన్నా అదే మేలని అభిప్రాయపడ్డారు. మేము ఇక్కడ ఇస్తున్నది ఫత్వా కాదు. మా మదర్సాలో మేము పాటించిన దారిని చెబుతున్నాము.

కోడెదూడ చెప్పిన పాఠం

గ్రంథాల సందేహం తీరినా బాలుడి సందేహం తీరలేదు. అతడు ఒకే ప్రశ్న అడిగాడు: "హజ్రత్, ఆపరేషన్ అయ్యాక షేరూ నన్ను గుర్తుపడతాడా? వాడు వాడిలాగే ఉంటాడా?" దానికి జవాబు మా వద్ద లేదు.

మా ప్రహరీ పక్కనే సాగు చేసే వృద్ధ రైతు ఆ మాట విని నవ్వాడు. నారాయణవలస సంతలో, మానాపురం సంతలో ఏళ్ళ తరబడి పశువులు కొని అమ్మినవాడాయన. "కోడెకి విత్తు కొట్టిస్తే దుక్కికి ఒదుగుద్ది గానీ, మేత పెట్టిన సెయ్యిని మరిసిపోద్దేటి, మాస్టారూ?" అన్నాడు. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఆంబోతుకూ ఎద్దుకూ ఉన్న తేడా తెలియనివారు ఎవరు? పొగరు తగ్గుతుంది, పోట్లాట తగ్గుతుంది. కానీ ఎద్దు తన యజమాని గొంతు విని తల తిప్పడం మానదు.

శాస్త్రం చెప్పేది కూడా ఇంచుమించు ఇదే. గండుపిల్లి ఆరు నుంచి పది మాసాల మధ్య వయసుకు వస్తుంది. అప్పుడు వృషణాలలో తయారయ్యే టెస్టోస్టిరాన్ అనే రసాయనం దాని చేత నాలుగు పనులు చేయిస్తుంది: ఆడపిల్లిని వెతుకుతూ దూరాలు తిరగడం, ఇతర గండుపిల్లులతో పోరాడటం, తన హద్దును చాటేందుకు నిలువు గోడల మీద, తలుపుల మీద ఘాటైన మూత్రం చిమ్మడం, రాత్రంతా అరవడం. బీజాలు తీసిన కొద్ది రోజుల్లోనే ఆ రసాయనం రక్తంలో దాదాపు లేకుండా పోతుంది. అలవాటు మాత్రం అంత వేగంగా పోదు. కొన్నింటిలో రోజుల్లో, కొన్నింటిలో కొన్ని నెలల్లో తగ్గుతుంది.

అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన బెంజమిన్ హార్ట్, తన సహచరునితో కలిసి 1973లో ప్రచురించిన పరిశీలన ఈ విషయంలో నేటికీ ప్రమాణంగా నిలిచింది. పెద్ద వయసులో శస్త్రచికిత్స జరిగిన గండుపిల్లుల్లో ప్రతి పదింటిలో దాదాపు తొమ్మిదింటికి తిరుగుడు, పోట్లాట, మూత్రం చిమ్మడం తగ్గాయి. సగానికి పైగా పిల్లుల్లో ఆ మార్పు త్వరగానే కనిపించింది. హార్ట్ 1984లో మరొక పరిశీలన వెలువరించారు. చిన్నప్పుడే శస్త్రచికిత్స జరిగినా, మగపిల్లుల్లో పదింటికి ఒకటి పెద్దయ్యాక మూత్రం చిమ్ముతూనే ఉంటుందని అందులో తేలింది. కనుక ఇది మంత్రం కాదు. ఇంట్లో పిల్లులు ఎక్కువైనా, వాటి మధ్య వైరం ఉన్నా ఆ అలవాటు మిగలవచ్చు.

మరి మారనివి ఏవి? వేట మారదు. ఎలుకను పట్టే గుణం ఈ రసాయనం మీద ఆధారపడినది కాదు కనుక, 'ఆపరేషన్ చేస్తే ఎలుకలు పట్టదు' అన్న మాటకు ఆధారం లేదు. ఆట మారదు. మనిషి పట్ల మమకారం మారదు. పిల్లి మనుషులకు చేరువ అవుతుందా, బెదురుతుందా అన్నది ఎక్కువగా అది పుట్టిన రెండవ వారం నుంచి ఏడవ వారం వరకు పొందిన చేతి స్పర్శను బట్టి, కొంత దాని తండ్రి నుంచి వచ్చిన గుణాన్ని బట్టి ఉంటుంది. ఆ వారాల్లో షేరూ ఆ బాలుడి ఒడిలో పెరిగింది. శస్త్రచికిత్స ఆ అనుబంధాన్ని తీసివేయలేదు. అలాగే, చిన్ననాడు మనిషి చేయి ఎరుగని బెదురు పిల్లిని ఈ ఆపరేషన్ ముద్దుల పిల్లిగా మార్చనూలేదు.

నిజంగా మారేది మరొకటి ఉంది. ఆకలి పెరుగుతుంది, శరీరానికి అవసరమయ్యే ఆహారం మాత్రం తగ్గుతుంది. మునుపటి లెక్కనే పెడుతూ పోతే పిల్లి ఊబకాయం తెచ్చుకుని సోమరి అవుతుంది. అప్పుడు మనం 'ఆపరేషన్ వల్ల స్వభావం చెడింది' అంటాము. తప్పు కత్తిది కాదు, గిన్నెది.

చేయించదలచిన వారికి

గృహిణులకు, తల్లిదండ్రులకు మా అనుభవం నుంచి, వైద్యుడు చెప్పిన దాని నుంచి కొన్ని మాటలు.

మూత్రం చిమ్మే అలవాటు మొదలు కాకముందే, నాలుగు నుంచి ఆరు మాసాల వయసులో చేయించడం మేలు. రేబిస్ టీకా సుమారు మూడవ నెలలోనే వేయించాలి. శస్త్రచికిత్స పూర్తి మత్తులో జరగాలి. మత్తు లేకుండా నాటు పద్ధతిలో చేయించడం హింస, ధర్మం ఇచ్చిన అనుమతి దానికి వర్తించదు. ఎన్ని గంటలు పస్తు ఉంచాలో వైద్యుడే చెబుతాడు. చిన్న కూనలను ఎక్కువసేపు పస్తు ఉంచరాదు. గోనెసంచిలో కాక, గాలి ఆడే వెదురు బుట్టలో గుడ్డ పరచి, పైన కట్టి తీసుకువెళ్ళాలి. మగపిల్లికి ఇది చిన్న గాయమే. తరచుగా కుట్లు కూడా అవసరం పడవు.

ఇంటికి తెచ్చాక ఆ రాత్రి చీకటి గదిలో, నేల మీదనే ఉంచాలి. మత్తు దిగేదాకా అది తూలుతుంది, బుసకొడుతుంది, మనల్ని గుర్తించనట్లు చూస్తుంది. ఇంట్లోని ఇతర పిల్లులు కూడా వైద్యశాల వాసనకు బెదిరి దాని మీద ఒకటి రెండు రోజులు గుర్రుమంటాయి. కొన్ని రోజులు ఇసుకకు బదులు చింపిన కాగితాలు పరచాలి. స్నానం చేయించరాదు. గాయానికి వాపు, చీము, రక్తం కనిపిస్తే వైద్యుని వద్దకు వెళ్ళాలి. మనుషులు వాడే జ్వరం బిళ్ళ, అంటే పారాసిటమాల్, పిల్లికి విషం. ఒక్క బిళ్ళ దాని ప్రాణం తీయగలదు. నొప్పికని జాలిపడి వేయకండి. చాపల మీద, నేల మీద ఫినాయిలు పోయడం కూడా పిల్లులకు హానికరం. సబ్బునీటితో కడిగి ఎండబెట్టడం చాలు. తహారత్ కోసం నియమం ప్రకారం మూడుసార్లు కడగండి.

శస్త్రచికిత్స జరిగిన నెల, నెలన్నర వరకు కూడా దాని వల్ల ఆడపిల్లికి గర్భం రావచ్చు. అంతవరకు వేరుగా ఉంచాలి. వీధిలో కూనల సంఖ్య తగ్గాలంటే మాత్రం ఆడపిల్లులకు చేయించడమే అసలు మార్గం. ఒక్క గండుపిల్లి తప్పుకుంటే దాని స్థానంలోకి మరొకటి వస్తుంది. ఆడపిల్లి తొమ్మిది వారాల్లో ఈనుతుంది, ఏడాదికి రెండు మూడు ఈతలు ఈనగలదు. ఆ కూనలను సంచిలో కట్టి కాలువలో వేసే పాపానికి ఎవరూ ఒడిగట్టకుండా ఉండాలంటే ముందుచూపు అవసరం.

మగపిల్లి మూత్రనాళం సన్నది. అది పదేపదే కూర్చుని ముక్కుతూ చుక్క రాకపోతే, ఆ రోజే వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి. ఆలస్యం ప్రాణాంతకం. ఊబకాయం ఈ ముప్పును పెంచుతుంది. అన్నంలో చేప, మాంసం ముక్కలు కలిపి రోజుకు రెండుసార్లు కొలతగా పెట్టండి. మంచినీరు ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. పాలు చాలా పిల్లులకు సరిపడవు.

పోట్లాడుకునే పిల్లులను విడదీయబోయి కాటు తిన్నవారు, గాయాన్ని వెంటనే పదిహేను నిమిషాలు సబ్బునీటితో కడిగి ఆసుపత్రికి వెళ్ళాలి. సున్నం, కారం పూయడం మానండి.

శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లోని ప్రభుత్వ పశువైద్యశాలల్లో విచారించవచ్చు. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల కూడా ఉంది. పిల్లులకు ఈ శస్త్రచికిత్స ఏ రోజున చేస్తారో ముందుగా అడిగి తెలుసుకుని వెళ్ళడం మంచిది.

షేరూ ఏమైంది?

కమిటీ వారిని మరొక నెల గడువు అడిగి షేరూకు శస్త్రచికిత్స చేయించాము. ఆ సాయంత్రం బుట్ట తెరిచినప్పుడు అది తూలుతూ లేచి, చేయి చాచిన బాలుడి మీద బుసకొట్టింది. అతడు ఏడుస్తూ వెళ్ళి బియ్యం గది గుమ్మంలో కూర్చున్నాడు. మత్తు దిగాక సర్దుకుంటుందని మేము ఎంత చెప్పినా వినలేదు. ఆ రాత్రి మాకూ నిద్ర పట్టలేదు. ఒకవేళ ఆ రైతు మాట, ఆ వైద్యుడి మాట తప్పైతే ఈ పిల్లవాడికి ఏమని చెప్పాలి?

ఫజర్ అజాన్‌కు లేచి చూస్తే షేరూ మస్జిద్ మెట్ల మీద ఉంది. అక్కడ విడిచిన పాతిక జతల చెప్పుల్లో ఆ బాలుడి జతను ఏరుకుని దాని మీద పడుకుని ఉంది.

తరువాతి రెండు వారాల్లో మరో రెండుసార్లు తలుపు దగ్గర మూత్రం చిమ్మింది. చాపల జోలికి రాలేదు. ఆపై అదీ మానింది. రాత్రుళ్ళు గోడ దూకి పోవడం తగ్గింది, చెవుల మీద కొత్త గాట్లు లేవు. మూడవ వారంలో ఒక పందికొక్కును పట్టి తెచ్చి సరిగ్గా కమిటీ కార్యదర్శి కుర్చీ ముందు పడవేసింది. ఆ రోజు నుంచి గోనెసంచి మాట ఎవరూ ఎత్తలేదు. కొంచెం బరువెక్కింది. మునుపటి దర్జా నడక కాస్త తగ్గింది. మధ్యాహ్నాలు ఎక్కువ నిద్రపోతోంది. ఇవీ నిజాలే. బాలుణ్ణి అడిగితే, "వాడు వాడిలాగే ఉన్నాడు హజ్రత్. కాకపోతే ఇప్పుడు సబఖ్ పూర్తయ్యేదాకా కూర్చుంటున్నాడు" అన్నాడు.

భూమిపై సంచరించే ప్రాణులన్నీ మనలాంటి సముదాయాలేనని దివ్యఖుర్ఆన్ సూరా అన్‌ఆమ్‌లో మనకు తెలియజేస్తుంది. మన గోడల మధ్య పుట్టి, మన బియ్యాన్ని కాపాడుతున్న ప్రాణి మనకు తలనొప్పి అయిన నాడు దానిని ఏం చేయాలన్న ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. రహదారి అంచున చచ్చి పడిన ఆ మొదటి పిల్లి విషయంలో మేము ఆ ప్రశ్నను చిన్నదనే అనుకున్నాము. అందుకు అల్లాహ్‌ను క్షమాపణ వేడుకుంటున్నాము. పాఠకులు సంచి చేతికి తీసుకునే ముందు ఒక ఆలిమును, ఒక పశువైద్యుణ్ణి అడగాలన్నదే మా విన్నపం. సరైనదేదో అల్లాహ్‌కే బాగా తెలుసు.